ముందు నీటి దారి, తరువాత టైలు

చిన్న స్నానాల గదిని తిరిగి బాగుచేసుకునేటప్పుడు టైల్స్‌ను ఎలా ఎంచుకోవాలి, వాటిని ఎలా వేయించుకోవాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో రెండు మూడు దశాబ్దాల కిందట కట్టిన ఇళ్లలో చాలా వాటికి నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు మించని స్నానాల గదులు ఉన్నాయి. కింద నాపరాళ్లో షాబాదు బండలో పరిచి, గోడలకు నడుమెత్తు వరకు నున్నటి సిమెంటు పూత పూసిన ఆ గదులు ఇప్పుడు చెమ్మ పట్టి, బండల సందులు విడిపోయి, మూలల్లో పాచి చేరి మరమ్మతుకు వస్తున్నాయి. ఇంటివారు బాగుచేయించాలని అనుకోగానే ముందుగా వెళ్లేది టైల్స్ దుకాణానికి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో దిగిన రంగురంగుల పలకలను చూసి, నచ్చినదాన్ని బేరమాడి, ఆ తరువాతే మేస్త్రీని పిలుస్తారు. ఈ వరుస తలకిందులైనది. స్నానాల గది పదికాలాల పాటు నిలవాలంటే ముందు తేల్చుకోవలసింది నీరు ఎటు పోవాలన్నది. టైలు ఎంపిక ఆ నిర్ణయం వెనక రావాలి. ముందు నీటి దారి, తరువాత టైలు. ఈ ప్రసంగం చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

టైలు వేస్తే నీరు కిందికి దిగదన్న నమ్మకం చాలామందిలో ఉంది. టైలు పైముఖాన కొలిమి వేడికి కరిగి అతుక్కున్న గాజు పొర ఉంటుంది. దీన్నే గ్లేజు అంటారు. ఆ పొర గుండా నీరు దిగదన్న మాట నిజమే, కాని గది నేల ఒకే పలక కాదు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న నేల మీద అడుగు కొలత టైల్స్ పరిస్తే, వాటి మధ్య సందులన్నీ కలిపి 38 అడుగుల పొడవు అవుతాయి. గోడల మొదళ్ల చుట్టూ ఉండే సందు మరో 20 అడుగులు. అంటే ఆ చిన్న గదిలోనే 58 అడుగుల సందు ఉంది. ఆ సందులను పూడ్చే మెత్తటి మిశ్రమాన్ని గ్రౌటు అంటారు. మామూలు సిమెంటు గ్రౌటులో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి కనుక, దాని మీద నీరు గంటల తరబడి నిలిస్తే కొంత లోపలికి ఇంకుతుంది. ఇంకిన నీరు టైలు కింద ఉన్న సిమెంటు మాలులో చేరి, దారి దొరికిన చోట గోడలోకో, కింది అంతస్తు పైకప్పులోకో దిగుతుంది. టైలు నీటిని ఆపే గోడ కాదు. అది నీటిని జారవిడిచే పైచర్మం మాత్రమే. నీటిని నిజంగా ఆపేది దాని కింద ఉన్న పూత. నీటిని బయటికి పంపేది నేల వాలు.

గ్లేజు ఎంత కాలం నిలుస్తుందో తెలుసుకోవడానికి హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడలను చూడవచ్చు. కుతుబ్‌షాహీల కాలంలో, 1590లలో కట్టడం మొదలైన ఆ భవనం గోడల మీది మెరుపు పలకల రంగులు నాలుగు వందల ఏళ్లు దాటినా ఇంకా కళకళలాడుతున్నాయి. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదకు మాత్రం అక్కడి పలకల్లో కొన్ని దెబ్బతిన్నాయి. కాలాన్ని తట్టుకున్న పనితనం కూడా నిలిచిన నీటి ముందు చిక్కుల్లో పడుతుంది. ఇంట్లోని చిన్న గదికి వరద రాదు గాని, రోజూ కొన్ని బకెట్ల నీరు వస్తుంది. ఆ నీటిని నిలవనివ్వకపోవడమే ఇక్కడి అసలు పని.

నీటి దారి అంటే ఏమిటో ఈ ప్రాంతపు రైతులకు వేరే చెప్పనక్కరలేదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన నాటి నుంచి ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో వరి మడులు పారుతున్నాయి. మడిలో ఎక్కడ మిట్ట ఉందో, ఎక్కడ పల్లం ఉందో చూసి, చదును చేసి, నీరు ఏ గండి నుంచి వచ్చి ఏ గండి గుండా పోవాలో తేల్చుకున్నాకే రైతు నాటు వేయిస్తాడు. నాటు వేశాక మడిని చదును చేయడం కుదరదు. స్నానాల గది నేల కూడా అలాంటి మడే. టైలు పరిచాక వాలు సరిచేయడం కుదరదు.

వాలు ఎంత ఉండాలి అన్నది తరువాతి ప్రశ్న. తలుపు దగ్గర నుంచి నీరు పోయే జాలీ వరకు ఆరడుగుల దూరం ఉందనుకుంటే, ఆ దూరంలో అంగుళం నుంచి అంగుళన్నర వరకు పల్లం దిగాలి. అంతకన్నా తగ్గితే నీరు మడుగులు కడుతుంది. అంతకన్నా బాగా పెరిగితే బకెట్టు, ప్లాస్టిక్ పీట నిలకడగా ఉండవు, పెద్దవారి అడుగు తడబడుతుంది. గదిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు తలుపు దగ్గర ఉండాలి. అన్నిటికన్నా పల్లమైన చోటు జాలీ దగ్గర ఉండాలి. జాలీ కింద అమర్చే గిన్నె వంటి భాగాన్ని మేస్త్రీలు నహానీ ట్రాపు అంటారు. అందులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండి, మురుగు గొట్టంలోని దుర్వాసన పైకి రాకుండా అడ్డుకుంటుంది. ఆ ట్రాపు మూతి చుట్టుపక్కల టైలు మట్టానికన్నా పిసరంత కిందికి ఉండాలి. అది పైకి లేచి ఉంటే గదిలోని వాలు అంతా సరిగ్గా ఉన్నా జాలీ చుట్టూ రోజంతా తడి నిలుస్తుంది. ఈ ఒక్క కొలతను ట్రాపు బిగించే రోజునే ఇంటివారు దగ్గరుండి చూసుకోవాలి.

వాలుకూ టైలు కొలతకూ విడదీయరాని సంబంధం ఉంది. జాలీ మూలలో ఉన్నప్పుడు నేల రెండు వైపుల నుంచి, నడుమ ఉన్నప్పుడు నాలుగు వైపుల నుంచి దానివైపు వాలాలి. టైలు వంగదు. రెండడుగుల మీద రెండడుగుల పెద్ద పలకను అలాంటి నేల మీద పెడితే దాని ఒక మూల దిగి మరొక మూల లేస్తుంది. మేస్త్రీ దాన్ని చదునుగా సర్దితే వాలు పోతుంది, వాలు ఉంచితే పలకల అంచులు ఒకదాని కన్నా ఒకటి ఎత్తుగా నిలిచి కాలికి తగులుతాయి. అందువల్ల చిన్న గది నేలకు అడుగు కొలత టైలో, అంతకన్నా చిన్నదో మేలు. పెద్ద టైలు మీదే మనసు ఉంటే, గది ఒక చివర గోడ పొడవునా సన్నని కాలువ జాలీ పెట్టి, నేలంతా ఒకే వైపు వాలేలా ముందే నిర్ణయించుకోవాలి. అప్పుడు పెద్ద పలక కూడా వంగనక్కరలేకుండా ఒకే ఏటవాలుగా కూర్చుంటుంది. టైలు కొలతను దుకాణంలోని అందం నిర్ణయించకూడదు, గదిలోని జాలీ నిర్ణయించాలి. మళ్లీ అదే మాట. ముందు నీటి దారి, తరువాత టైలు.

పాత గదిని బాగుచేసేటప్పుడు ఉన్న బండలనో పాత టైల్స్‌నో పగలగొట్టాలా, వాటి మీదే కొత్తవి అతికించవచ్చా అన్న సందేహం అందరికీ వస్తుంది. మీద అతికిస్తే దుమ్ము, శ్రమ, ఖర్చు తగ్గుతాయి. కాని కొత్త టైలు, దాన్ని పట్టి ఉంచే జిగురు కలిసి నేల మట్టాన్ని సుమారు అర అంగుళం పెంచుతాయి. తలుపు కింద తగులుతుంది, ట్రాపు లోతులోకి పోతుంది, గడప ఎత్తు తగ్గి నీరు పడకగదిలోకి వచ్చే ప్రమాదం ఏర్పడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పాత వాలు తప్పుగా ఉంటే కొత్త టైలు ఆ తప్పును అలాగే మోస్తుంది. నిర్ణయించుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. పాత నేల మీద బకెట్టు నీరు కుమ్మరించి పావుగంట తరువాత చూడాలి. ఎక్కడా మడుగు లేకుండా, కింది అంతస్తు పైకప్పులోను, పక్క గది గోడ మొదట్లోను చెమ్మ మచ్చలు లేకుండా, పాత టైల్స్‌ను నాణెంతో తట్టినప్పుడు ఎక్కడా డొల్ల శబ్దం రాకుండా ఉంటేనే వాటి మీద కొత్తవి అతికించడం సబబు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా పగలగొట్టి అడుగు నుంచి మొదలుపెట్టడమే చివరికి చౌక.

పగలగొట్టిన తరువాత వరుస తప్పకూడదు. గోడల్లో, నేలలో కొత్త గొట్టాలు వేసి, వాటిలో నీటిని ఒత్తిడితో నింపి ఎక్కడా కారడం లేదని చూసుకున్నాకే గాళ్లు పూడ్చాలి. ఆ తరువాత జాలీ వైపు వాలు ఉండేలా సిమెంటు మాలు పరచి, వారం రోజులైనా తడిపి గట్టిపడనివ్వాలి. దాని మీద నీటిని ఆపే పూత వేయాలి. నీటిలో కలిసే ఆక్రిలిక్ ద్రవాన్ని ప్రత్యేకమైన సిమెంటు పొడితో కలిపి బ్రష్షుతో పూసే రెండు భాగాల పూత ఇప్పుడు చిన్న పట్టణాల దుకాణాల్లో కూడా దొరుకుతుంది. మొదటి పూతను ఒక దిశలో, అది ఆరాక రెండో పూతను దానికి అడ్డంగా పూస్తారు. ఒక పూతలో వదిలిపోయిన సన్నని గీతలను రెండోది కప్పాలన్నది అందులోని ఉద్దేశం. నేల, గోడ కలిసే మూలల్లో, గొట్టాలు నేలను చీల్చుకుని వచ్చే చోట్ల, ట్రాపు మూతి చుట్టూ పూతలోనే సన్నని గాజుపోగుల వలను ఇమిడ్చాలి, ఎందుకంటే నేలా గోడా వేర్వేరుగా సంకోచించి వ్యాకోచించేటప్పుడు ముందుగా చీలేది ఆ మూలే. పూత గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు వరకు ఎక్కాలి. షవరు ఉన్న వైపు, లేదా చెంబుతో నీళ్లు పోసుకునే వైపు, తలకు మించిన ఎత్తు వరకు ఎక్కాలి.

పూత ఆరిన తరువాత చేయవలసిన పరీక్షను చాలాచోట్ల తొందరలో వదిలేస్తారు. ట్రాపు మూతిని గుడ్డతో, ప్లాస్టిక్ సంచితో గట్టిగా బిగించి, తలుపు దగ్గర చిన్న కట్ట పోసి, నేల మీద రెండంగుళాల నీరు నింపి ఒక పగలు, ఒక రాత్రి కదలనివ్వకూడదు. నీటి మట్టాన్ని గోడ మీద పెన్సిలుతో గీసుకుని, మర్నాడు అదే వేళకు ఆ గీతనూ కింది పైకప్పునూ చూడాలి. వేసవిలో కొంత నీరు ఆవిరవుతుంది, అది సహజం. కింద తడి మచ్చ కనిపిస్తే మాత్రం టైలు పని అక్కడే ఆగాలి. ఈ ఒక్క రోజు ఓపిక పడితే, ఏడాది తరువాత మొత్తం పగలగొట్టుకునే అవసరం తప్పుతుంది.

నీటి దారి కుదిరింది. ఇప్పుడు టైలు దగ్గరికి రావచ్చు.

దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఆ టైలు ఎంత నీరు పీలుస్తుంది అన్నది. అచ్చులో ఒత్తి కాల్చిన టైల్స్‌ను భారతీయ ప్రమాణమైన ఐఎస్ 15622 నీరు పీల్చే గుణాన్ని బట్టే తరగతులుగా విభజించింది. మామూలు గోడ టైలు తన బరువులో 10 శాతానికి పైగా నీరు పీలుస్తుంది. విట్రిఫైడ్ టైలు, అంటే మట్టి, ఫెల్‌స్పార్ వంటి ఖనిజాలు అధిక వేడికి లోపలి దాకా గాజులా బిగిసిన టైలు, అర శాతానికి మించి పీల్చదు. రెండు కిలోల గోడ టైలు 200 గ్రాములకు పైగా, అంటే ఒక గ్లాసు నీటిని కడుపులో దాచుకోగలదు. అంతే బరువున్న విట్రిఫైడ్ టైలు 10 గ్రాములు, అంటే రెండు చెంచాలకు మించి తీసుకోదు. పీల్చే టైలు చెడ్డదని దీని అర్థం కాదు. అది తేలిక, కోయడం సులువు, గోడకు బాగా అతుకుతుంది; గోడకు అదే చాలు. నేల మీద మాత్రం తక్కువ పీల్చే టైలే ఉండాలి. గోడ టైలును నేలకు వేస్తే నీరు తాగడమే కాక, బకెట్టు జారిపడిన దెబ్బకు పగిలిపోతుంది కూడా.

రెండో ప్రశ్న కాలు జారడం గురించి. స్నానాల గదిలో నడిచేది చెప్పులు లేని కాలు, అదీ సబ్బు నీటిలో. జర్మనీ ప్రమాణాల్లో దీనికి ప్రత్యేకమైన పరీక్ష ఉంది; టైల్స్ పరచిన పలక మీద సబ్బు నీరు పారిస్తూ మనిషిని ఉత్త కాళ్లతో నడిపించి, పలకను మెల్లగా ఏటవాలుగా లేపుతారు. పన్నెండు డిగ్రీల వాలు వరకు జారకపోతే ఎ తరగతి, పద్దెనిమిది డిగ్రీల వరకు అయితే బి, ఇరవై నాలుగు వరకు అయితే సి. స్నానం చేసే చోటికి బి తరగతి తగినది. పెట్టె మీద ఆ అక్షరం లేకపోతే దుకాణంలోనే చిన్న పరీక్ష చేయవచ్చు. టైలును నేల మీద పెట్టించి, మీద సబ్బు నీరు చిలకరించి, పక్కన ఒక మనిషిని పట్టుకుని మడమతో మెల్లగా రుద్ది చూడాలి. నున్నగా మెరిసే టైలు గోడకు అందం, నేలకు అపాయం. ఇంట్లో పెద్దవారు, గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ముందు రంగు, పూల అచ్చు, ధర అన్నీ పక్కకు జరగాలి.

లెక్క కూడా దుకాణానికి వెళ్లకముందే కట్టుకోవాలి. నాలుగు, ఆరు అడుగుల గదికి నాలుగు గోడల చుట్టుకొలత 20 అడుగులు. ఏడడుగుల ఎత్తు వరకు వేస్తే 140 చదరపు అడుగులు. రెండున్నర అడుగుల తలుపుకు పదిహేడున్నర తీసేస్తే మిగిలేది 122న్నర. అడుగు మీద అడుగున్నర కొలత గోడ టైలు ఒకటి ఒకటిన్నర చదరపు అడుగు కప్పుతుంది కనుక 82 టైల్స్ కావాలి. కోతలో పోయేవాటికి నూటికి పది కలుపుకుంటే 90. నేలకు 24, పది శాతం కలుపుకుంటే 27. అన్ని పెట్టెల మీదా బ్యాచి సంఖ్య, రంగు ఛాయ సంఖ్య ఒకటే ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే ఒకే పేరున్న టైలు కూడా కొలిమి మారితే ఛాయ మారుతుంది. మిగిలిన నాలుగైదు టైల్స్‌ను ఇంట్లో దాచుకోవాలి; ఎప్పుడైనా గొట్టం కోసం ఒక టైలు తీయవలసి వస్తే అదే ఛాయ అప్పుడు బజారులో దొరకదు.

ఇక అతికించడం. నీరు పీల్చే గోడ టైలును సిమెంటుతో వేసేటప్పుడు మేస్త్రీలు ముందుగా నీటి తొట్టిలో నానబెడతారు. ముంచగానే టైలు వీపు నుంచి సన్నని బుడగలు వరుసగా పైకి వస్తాయి; టైలులోని గాలి బయటికి పోయి ఆ చోటును నీరు నింపుతోందన్న మాట. బుడగలు ఆగేదాకా నానబెట్టకపోతే పొడి టైలు సిమెంటులోని నీటిని లాగేసుకుంటుంది. సిమెంటు గట్టిపడాలంటే నీరు కావాలి కనుక, నీరు పోయిన సిమెంటు పొడిపొడిగా మిగిలి పట్టు ఇవ్వదు. విట్రిఫైడ్ టైలు సంగతి దీనికి విరుద్ధం. దాన్ని ఎంత నానబెట్టినా నీరు తీసుకోదు, దాని వీపులోకి సిమెంటు వేళ్లూనలేదు. అందుకే దానికి మామూలు సిమెంటు చాలదు, టైలు అడ్హెసివ్ కావాలి. అడ్హెసివ్ అంటే సిమెంటు, సన్నని ఇసుక, పట్టును పెంచే పాలిమర్ పొడి కలిపిన జిగురు మిశ్రమం. దీనికి ఐఎస్ 15477 అనే ప్రమాణం ఉంది. సంచి మీద ఆ సంఖ్య, దాని కింద రకం ముద్రించి ఉన్నాయో లేదో చూసి కొనాలి.

అడ్హెసివ్‌ను పళ్లున్న తాపీతో ఒకే దిశలో గీతలు పడేలా పరచి, టైలును దాని మీద ఉంచి, గీతలకు అడ్డంగా కొద్దిగా జరుపుతూ నొక్కాలి. గీతల మధ్య ఉన్న గాలి బయటికి పోయి టైలు వీపంతా నిండుగా అతుకుతుంది. నాలుగు మూలలా, నడుమా ఐదు ముద్దలు పెట్టి గోడకు కొట్టడం త్వరగా అయ్యే పని. కాని ముద్దల మధ్య ఉన్న డొల్లలో నీరు చేరుతుంది, అక్కడే టైలు పగులుతుంది, తువ్వాలు కొక్కెం కోసం రంధ్రం చేసినప్పుడు ముక్కలవుతుంది. తడి చోట్ల టైలు వీపులో 95 శాతం అతుక్కుని ఉండాలని అమెరికాలో మేస్త్రీలు పాటించే ప్రమాణం చెబుతుంది. దీన్ని చూసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. పని మొదలైన కాసేపటికి అప్పుడే అతికించిన ఒక టైలును పైకి లేపించి వీపు చూస్తే చాలు. ఎక్కడైనా టైలు రంగు బోసిగా కనిపిస్తే తాపీ పళ్లు చిన్నవని, లేదా నొక్కడం చాలలేదని అర్థం.

ఎండాకాలంలో ఈ పనికి ఇంకొక జాగ్రత్త కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గోడ వేడికి, గాలికి పరచిన అడ్హెసివ్ మీద నిమిషాల్లోనే పొర కడుతుంది. పైకి తడిగా కనిపించినా ఆ పొర మీద పెట్టిన టైలు అతకదు. వేలితో తాకితే మిశ్రమం వేలికి అంటాలి. అంటకపోతే గీకేసి కొత్తది పరచాలి. ఉదయాన్నే పని మొదలుపెట్టడం, గోడను ముందుగా చెమ్మగా తడపడం, ఒకసారికి నాలుగైదు టైల్స్‌కు సరిపడా మాత్రమే పరచడం అలవాటుగా ఉన్న మేస్త్రీ పని నిలుస్తుంది.

టైలుకూ టైలుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. సందు లేకుండా ఆనించి వేస్తే అందంగా ఉంటుందని కొందరు కోరుతారు. కాని వేడికి, తడికి టైలు పిసరంత పెరుగుతుంది, పెరగడానికి చోటు లేకపోతే ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. పైగా ఆనించిన టైల్స్ మధ్యలోకి గ్రౌటు దిగదు, నీరు మాత్రం దిగుతుంది. నేల, గోడ కలిసే మూలలో గ్రౌటుకు బదులు సాగే గుణమున్న సిలికాన్ వాడాలి; ఆ మూల కదులుతూ ఉంటుంది, గట్టిపడిన గ్రౌటు అక్కడ చీలుతుంది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన విషయం ఇక్కడే వస్తుంది. ఈ ప్రాంతం ఉన్న పాత నల్లగొండ జిల్లా పేరు చెప్పగానే నీటిలోని ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. కాని టైల్స్ మీద తెల్లటి మచ్చలు కట్టేది ఫ్లోరైడ్ కాదు, బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వీటి మొత్తాన్ని నీటి కాఠిన్యం అంటారు. తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు, వేరే నీరు లేనప్పుడు 600 వరకు అనుమతించవచ్చు. 600 ఉన్న బోరు నీటిలో 20 లీటర్ల బకెట్టుకు 12 గ్రాముల సున్నపు పదార్థం ఉన్నట్టు లెక్క. నీరు జారిపోతే ఆ సున్నం కూడా నీటితోపాటే పోతుంది. నీరు నిలిచి ఆరిపోతే నీరు ఆవిరై సున్నం మిగులుతుంది. మచ్చను కట్టేది నీరు కాదు, నిలిచి ఆరిన నీరు. సరైన వాలు మచ్చలను కూడా అడ్డుకుంటుందన్నది ఇందువల్లనే.

మచ్చలు కట్టాక చాలా ఇళ్లలో యాసిడ్ పోసి కడుగుతారు. యాసిడ్ పడగానే నురగ పొంగుతుంది, మచ్చ కరుగుతుంది, నేల మెరుస్తుంది. కాని ఆ నురగ ఒక్క మచ్చ నుంచే రాదు. కృష్ణ ఒడ్డున వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిసింది అక్కడి సున్నపురాయి కోసమే. ఆ రాయిని కాల్చి చేసిన సిమెంటే టైల్స్ సందుల్లోని గ్రౌటులో ఉంటుంది. మచ్చలో ఉన్నదీ సున్నమే, సందులో ఉన్నదీ సున్నమే. యాసిడ్‌కు ఈ రెండింటి తేడా తెలియదు. కడిగిన ప్రతిసారీ మచ్చతోపాటు సందు కూడా కొంత అరిగి, నాలుగైదేళ్లలో గాడి పడి, ఆ గాడిలో నీరు నిలిచి, మళ్లీ మచ్చ కట్టి, మళ్లీ యాసిడ్ అవసరమవుతుంది. ఈ చక్రం తెగాలంటే నేల మీద, గోడల కింది రెండడుగుల్లో ఎపాక్సీ గ్రౌటు వేయించుకోవడం మంచిది. ఎపాక్సీ అంటే రెండు ద్రవాలు కలిసి గట్టిపడే జిగురు. అందులో సిమెంటు లేదు కనుక నీటిని పీల్చదు, ఇంట్లో వాడే యాసిడ్‌కు సులువుగా అరగదు. ధర ఎక్కువ, కలిపిన కొద్దిసేపట్లోనే నింపి, తుడిచి ముగించాలి. ఆలస్యమైతే టైలు మీదే గట్టిపడి మరక మిగులుతుంది. పని తెలిసిన చేతికే దాన్ని అప్పగించాలి.

మచ్చలు చేరకుండా రోజువారీ పద్ధతి ఒకటి చాలు. చివరగా స్నానం చేసినవారు రబ్బరు వైపరుతో నేల మీది నీటిని జాలీ వైపు తోసేసి, తలుపు కాసేపు తెరిచి ఉంచాలి. పాత మచ్చలకు వెనిగరు వంటి తేలికైన ఆమ్లాన్ని నీటిలో కలిపి రాసి, కొద్ది నిమిషాల్లో బాగా కడిగేయాలి. యాసిడ్‌ను, బ్లీచింగ్ పొడిని ఎట్టి పరిస్థితిలోను కలపకూడదు. కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది, గాలి ఆడని చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ హెచ్చరికను ఇంట్లో గది కడిగే ప్రతివారికీ, పనికి వచ్చేవారికీ చెప్పి ఉంచాలి.

ఇంతవరకు చెప్పినదంతా ఒక వరుసలోకి వస్తుంది. మొదట వాలు, ఆ తరువాత పూత, దాని తరువాత నీరు నిలిపి చూసే పరీక్ష, అవన్నీ నెగ్గాకే టైలు, చివరగా సందులు. ఈ వరుసలో మొదటి మూడూ పని ముగిశాక ఎవరి కంటికీ కనిపించవు, అందుకే ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు కోత మొదట వాటి మీదే పడుతుంది. పడకూడదు. డబ్బు చాలకపోతే గోడ టైలు ఏడడుగుల బదులు ఐదడుగుల వరకే వేయించుకోవచ్చు, ఖరీదైన అచ్చు బదులు సాదా రంగు తీసుకోవచ్చు, మిగిలింది వచ్చే ఏడాది చేయించుకోవచ్చు. కింద ఉండే పూతను మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేయడం సాధ్యం కాదు.

కాబట్టి శ్రోతలు మేస్త్రీతో బేరం కుదుర్చుకునే రోజునే ఈ విషయాలను కాగితం మీద రాసుకోవాలి. జాలీ ఎక్కడ వస్తుందో, తలుపు నుంచి అక్కడికి ఎన్ని అంగుళాల వాలు దిగుతుందో, పూత గోడ మీదికి ఎంత ఎత్తు ఎక్కుతుందో, నీరు నిలిపే పరీక్ష ఏ రోజున జరుగుతుందో అందులో ఉండాలి. ఆ పరీక్ష ముగిసి కింద చెమ్మ లేదని తేలేదాకా టైలు కూలి మొదలు కాదన్న షరతు కూడా ఉండాలి. మంచి మేస్త్రీ ఈ షరతుకు నొచ్చుకోడు. తన పని నిలబడటానికి కావలసిన వ్యవధి ఇంటివారే ఇస్తున్నందుకు సంతోషిస్తాడు. ఆ కాగితం చేతిలో ఉన్నాకే టైల్స్ దుకాణానికి బయలుదేరాలి.